ఇంటి సినిమా తెరకు ఏ సరుకు? దుప్పటి నుంచి సన్‌మైకా దాకా ఒక సమీక్ష

ప్రొజెక్టరు కొన్న తరువాత మొదటి మూడు నెలలు మా ఇంట్లో సినిమాలన్నీ హాలు గోడ మీదే నడిచాయి. బిల్డరు వేయించిన లేత గంధం రంగు, దాని మీద రోలరు జాడలు, ఎప్పుడో క్యాలెండరు తగిలించిన మేకు రంధ్రం ప్రతి నటుడి ముఖం మీదా తేలుతూ ఉండేవి. ఫ్రేముకు బిగించి అమ్మే రెడీమేడ్ తెరల ధరలు వాకబు చేస్తే, నాకు నచ్చినవి ప్రొజెక్టరు ఖరీదులో మూడోవంతు దాకా పలికాయి. అంత పెట్టడం మనస్కరించక, తెరను ఇంట్లోనే కట్టుకోవాలని నిశ్చయించుకుని, బజారులో దొరికే సరుకులను ఒక్కొక్కటిగా తెచ్చి ఒకే గదిలో, ఒకే యంత్రంతో పరీక్షించాను. ఈ సమీక్ష ఆ సరుకులను గురించినది.

ముందుగా నా పరిస్థితులు చెప్పాలి. గది మారితే తీర్పు కూడా కొంత మారుతుంది. హైదరాబాదులోని అపార్ట్‌మెంటులో 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న గది. తెల్లటి కప్పు, లేత రంగు గోడలు, పడమటి వైపు ఒక కిటికీ. ప్రొజెక్టరు 1080 రిజల్యూషన్ ఉన్న మామూలు ఎల్‌సీడీ యంత్రం. పెట్టె మీద 3,000 ల్యూమెన్లని (యంత్రం ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్) రాసి ఉన్నా, రంగులు సరిగా కనిపించే సినిమా మోడ్‌లో అంత వెలుగు రాదు. తెర పడే చోట తొమ్మిది భాగాలు గీసుకుని, ఒక్కొక్క భాగం నడుమ, చదరపు మీటరుకు ఎన్ని ల్యూమెన్లు పడుతున్నాయో చెప్పే లక్స్ మీటరు పెట్టి కొలిస్తే సగటున 365 లక్స్ వచ్చింది. మూలమూలకు 100 అంగుళాలున్న తెర వైశాల్యం 2.76 చదరపు మీటర్లు. రెండింటినీ గుణిస్తే నా చేతికి నిజంగా అందుతున్నది సుమారు 1,000 ల్యూమెన్లని తేలింది. తెర సరుకు కోసం బజారుకు వెళ్ళేముందు ఎవరైనా ఈ లెక్క ఒకటి కట్టుకోవడం మంచిది. ఎందుకంటే తరువాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

తెరల వ్యాపారంలో ‘గెయిన్’ అనే మాట తరచు వినిపిస్తుంది. మెగ్నీషియం ఆక్సైడ్, బేరియం సల్ఫేట్ వంటి తెల్లటి పదార్థాల పూత వెలుగును అన్ని దిక్కులకూ సమంగా వెదజల్లుతుంది. దానితో పోల్చి, ఎదురుగా కూర్చున్నవారికి ఒక తెర ఎంత వెలుగు తిప్పికొడుతున్నదో చెప్పే సంఖ్యే గెయిన్. అది 1 అయితే సమానం, 1.5 అయితే ఒకటిన్నర రెట్లు. అయితే తెర తనంతట తాను వెలుగు పుట్టించలేదు కనుక, ఎదుటివారికి ఎక్కువగా ఇచ్చినదంతా పక్కన కూర్చున్నవారి వాటాలోంచి తీసినదే. మనం వాడే ‘వెండితెర’ అనే మాట వెనుక ఉన్నది కూడా ఇదే సంగతి: దీపాలకు శక్తి చాలని రోజుల్లో తెరలకు వెండిలా మెరిసే లోహపు పూత పూసేవారు. దీపాలు బలపడ్డాక మెరుపులేని తెల్ల తెరలు వచ్చాయి. మళ్ళీ త్రీడీ కళ్ళద్దాల కాలంలో, పోలరైజ్ అయిన కాంతిని చెడగొట్టకుండా తిప్పికొట్టేది లోహపు పూతే కాబట్టి, కొన్ని హాళ్ళలోకి వెండి పూత తిరిగి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి లెక్క వేరు. నా 365 లక్స్‌ను 3.14తో భాగిస్తే, గెయిన్ 1 ఉన్న తెర నుంచి కంటి వైపు వచ్చే వెలుగు చదరపు మీటరుకు 116 క్యాండెలాలు అవుతుంది. డిజిటల్ సినిమా హాళ్ళకు పెట్టిన ప్రమాణం 48 మాత్రమే. దీపం పాతబడి వెలుగు సగానికి పడిపోయినా నాకు 58 మిగులుతుంది. అందువల్ల మెరిసే సరుకు జోలికి పోవలసిన అవసరమే నాకు లేదని ఆ రోజే తేలిపోయింది.

ఇక తెర కొలత. దీనిని చాలామంది గోడ చూసి నిర్ణయిస్తారు; నా అనుభవంలో గుడ్డ వెడల్పే దీనిని నిర్ణయిస్తుంది. మన బజారులో పరదా గుడ్డలు ఎక్కువగా 54 అంగుళాల పన్నాతో వస్తాయి. వెడల్పు, ఎత్తు 16:9 నిష్పత్తిలో ఉన్న 100 అంగుళాల తెర అంటే వెడల్పు 87 అంగుళాల పైచిలుకు, ఎత్తు 49 అంగుళాలు. గుడ్డను అడ్డంగా పరిస్తే పైన రెండున్నర, కింద రెండున్నర అంగుళాలు మిగులుతాయి. ఫ్రేము అంచు చుట్టూ తిప్పి వెనుక పిన్నులు కొట్టడానికి సరిగ్గా అంతే కావాలి. 110 అంగుళాలు కావాలనుకుంటే ఎత్తే దాదాపు 54 అంగుళాలవుతుంది. పట్టుకుని లాగడానికి గుడ్డ మిగలదు. రెండు ముక్కలు కలిపి కుడితే ఎంత నేర్పరి దర్జీ కుట్టినా ఆ అతుకు ఆకాశం, సముద్రం, క్రికెట్ మైదానం కనిపించిన ప్రతిసారీ గీతలా బయటపడుతుంది. కనుక అంతకంటే పెద్ద తెర కావాలనుకునేవారు మొదట వెడల్పు పన్నా సరుకు ఎక్కడ దొరుకుతుందో చూసుకుని, ఆ తరువాతే గోడ కొలవాలి.

అందరూ మొదట ప్రయత్నించే తెల్ల దుప్పటితోనే నేనూ మొదలుపెట్టాను. దుప్పటిలో లోపం ముడతలని అనుకుంటారు. ముడతలను లాగి సరిచేయవచ్చు. అసలు లోపం వెలుగు దాని గుండా వెనక్కి పోవడం. తోలుబొమ్మలాటకు కట్టే పంచెను గుర్తు చేసుకుంటే ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. అక్కడ దీపం తెర వెనుక ఉంటుంది, వెలుగు పంచెను దాటి మన వైపు రావాలి, అందుకే పలుచటి నేత గుడ్డ కడతారు. ప్రొజెక్టరు మన వెనుక ఉన్నప్పుడు అదే గుణం దోషమవుతుంది. దుప్పటిని దాటిన వెలుగు గోడకు తగిలి తిరిగివచ్చి, ఒక నీడ బొమ్మలా అసలు బొమ్మ మీద పడి అంచులను మసకబారుస్తుంది. ఇంకొకటి, తెల్ల దుప్పట్లలో తెలుపు కొట్టవచ్చినట్టు కనిపించడానికి కలిపే రసాయనం. మనం పంచెలకు పెట్టే నీలిమందు లాగే అదీ పసుపు ఛాయను దాచి నీలి ఛాయను పెంచుతుంది. నా పరీక్షలో దుప్పటి మీద ముఖాల రంగు పాలిపోయినట్టు కనిపించడానికి అదే కారణమని నా అనుమానం. పెళ్ళి వీడియో ఒక సాయంత్రం బంధువులకు చూపించడానికి దుప్పటి చాలు. అంతకు మించి వద్దు.

తరువాత ఫ్లెక్స్. మన ఊళ్ళలో నాయకుల పుట్టినరోజులకు, సినిమా విడుదలలకు కట్టే బ్యానర్ల సరుకే ఇది, అచ్చు వేయకముందు తెల్లగా ఉంటుంది. దీనికి ఒక గొప్ప సుగుణముంది: 10 అడుగుల వెడల్పు రోళ్ళు కూడా దొరుకుతాయి కాబట్టి 120 అంగుళాల తెర అతుకు లేకుండా వస్తుంది. వెనుక నలుపు ఉన్న రకం తీసుకుంటే వెలుగు దాటిపోదు. కానీ ఇది పీవీసీ. దీని ముఖం మీద నూనె రాసినట్టు చిన్న మెరుపు ఉంటుంది. బొమ్మ నడుమ, ప్రొజెక్టరు కన్ను ప్రతిబింబించే చోట, ఒక వెలుగు మచ్చ ఏర్పడి, తల కదిపితే అదీ కదులుతుంది. దగ్గరగా చూస్తే లోపలి వల అల్లిక గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంది. మొదటి వారమంతా గదిలో కొత్త ప్లాస్టిక్ వాసన. పైగా నేను కొన్న దుకాణంలో కుర్రవాడు, బండి మీద పట్టదని, నేను వద్దంటున్నా దానిని ఎనిమిది మడతలు పెట్టి చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి ఎండలో పరిచాను, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేశాను, పదిరోజులు బిగించి ఉంచాను. మడతలు పలచబడ్డాయే గానీ పోలేదు. ఫ్లెక్స్ తీసుకోదలచినవారు గొట్టానికి చుట్టి ఇవ్వమని డబ్బు చెల్లించకముందే చెప్పడం మేలు. మేడ మీద ఆరుబయట, పదిమంది కూర్చుని క్రికెట్ చూసే పెద్ద తెరకు ఇది పనికివస్తుంది. గదిలోకి మాత్రం నేను సిఫారసు చేయను.

తెల్ల రెక్సిను సంగతి రెండు మాటల్లో తేల్చవచ్చు. సోఫాలకు వాడే రెక్సిను మీద తోలు గీతలు అచ్చు వేసి ఉంటాయి, ఆ గీతలు తెర మీద చర్మవ్యాధిలా కనిపిస్తాయి. నున్నటి రకం తెచ్చి చూస్తే అది ఫ్లెక్స్ కంటే ఎక్కువ మెరిసింది. రెండూ వాపసు.

గోడకే మంచి రంగు వేయడం మంచి ఉపాయమే, గోడ మంచిదైతే. టార్చిలైటును గోడకు ఆనించి అడ్డంగా వెలుగు పారిస్తే, పగటి వెలుగులో కంటికి ఆనని ఎత్తుపల్లాలన్నీ నీడలతో సహా బయటపడతాయి. నా గోడను అలా చూసిన తరువాత పుట్టీ రెండు చేతులు, సన్నటి గరుకు కాగితంతో రుద్దడం, ప్రైమరు, ఆపైన రెండు చేతుల మెరుపులేని తెల్ల ఎమల్షను, ఇంత పని ఉందని అర్థమైంది. ఇందులో జాగ్రత్త పడవలసినది మెరుపు విషయంలోనే. మరకలు కడిగితే పోతాయని చెప్పి అమ్మే రంగుల్లో చాలావాటికి పట్టులాంటి నిగనిగ ఉంటుంది, అది ఫ్లెక్స్ మీద చెప్పిన వెలుగు మచ్చనే తెస్తుంది. సొంత ఇల్లు, నేర్పున్న పెయింటరు, చదునైన గోడ ఉన్నవారు ఈ దారి పట్టవచ్చు. మాది అద్దె ఇల్లు కనుక నేను రెండడుగుల చదరం మీద మాత్రం వేయించి చూశాను. బొమ్మ బాగుంది, గోడ నాది కాదు.

లైక్రా గుడ్డ నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. నలువైపులా సాగే ఈ గుడ్డను ఫ్రేముకు బిగిస్తే ఒక్క ముడత కూడా మిగలదు. కొత్తవాడు కట్టినా డప్పు బిగించినట్టు వస్తుంది. మెరుపు తక్కువ ఉన్న వైపును ముందుకు పెట్టాలి, వెనుక తప్పనిసరిగా నల్ల లైక్రా ఇంకొక పొర వేయాలి, లేకపోతే దుప్పటికి చెప్పిన దోషమే దీనికీ వస్తుంది. దీని అసలు ప్రయోజనం బొమ్మలో కాదు, శబ్దంలో ఉంది. సినిమా హాళ్ళలో తెరకు సన్నటి రంధ్రాలు చేసి స్పీకర్లను వెనుక పెడతారు, మాట నటుడి నోటి నుంచే వచ్చినట్టు ఉంటుంది. లైక్రా గుండా శబ్దం ధారాళంగా దాటుతుంది కనుక ఇంట్లోనూ ఆ ఏర్పాటు సాధ్యమవుతుంది. 100 అంగుళాల తెర మీద నా ప్రొజెక్టరు వేసే ఒక్కొక్క చుక్క వెడల్పు 1.15 మిల్లీమీటర్లు. లైక్రా నేత అంతకంటే ఎంతో సన్నం కాబట్టి గళ్ళు కలిసి అలల్లాంటి గీతలు ఏర్పడలేదు. 4కె యంత్రానికి ఆ చుక్క 0.58 మిల్లీమీటర్లే కనుక, అది ఉన్నవారు నేతను మరింత దగ్గరగా పరిశీలించి కొనాలి. నష్టమల్లా వెలుగులోనే. లక్స్ మీటరును తెర వైపు తిప్పి ఒకే దూరంలో పెట్టి చూస్తే, చివరికి నేను ఎంచుకున్న గుడ్డకు 100 వచ్చే చోట దీనికి 80 లోపే వచ్చింది. నా దగ్గర వెలుగు మిగులు ఉంది గానీ, స్పీకర్లను గోడకూ తెరకూ మధ్య పెట్టడానికి అడుగున్నర స్థలం లేదు. ఆ స్థలం ఉండి ఉంటే ఈ సమీక్ష వేరేలా ముగిసేది.

సన్‌మైకా విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బొమ్మ నాణ్యతను బట్టి మార్కులు వేస్తే ఇదే మొదటిది. వంటింటి అలమరాలకు అంటించే లామినేట్ షీటులో మెరుపులేని తెలుపు ఒకటి దొరుకుతుంది. దానిలో నేత లేదు, గీతలు లేవు, ముడతల ప్రసక్తే లేదు. సినిమా చివర పేర్లు పైకి జరుగుతున్నప్పుడు చిన్న అక్షరాల అంచులు దీని మీద కనిపించినంత పదునుగా మరే సరుకు మీదా కనిపించలేదు. షీటు 8 అడుగులు, 4 అడుగులు. 48 అంగుళాల ఎత్తుకు 16:9 బొమ్మ 85 అంగుళాల వెడల్పు వస్తుంది, అంటే మూలమూలకు 98 అంగుళాలు. సినిమాస్కోపు సినిమాలే ఎక్కువగా చూసేవారైతే 96 అంగుళాల వెడల్పునూ పూర్తిగా వాడుకుని, ఎత్తును 40 అంగుళాలకు కోయించుకోవచ్చు. దుకాణంలో దానిని చాపలా చుట్టి తాడు కట్టి ఆటోలో వేసి పంపుతారు, కనుక తేవడం కష్టం కాదు. కష్టమంతా ఆ తరువాతే. ఒక మిల్లీమీటరు షీటు తనంతట తాను నిలబడదు, దానికి వెనుక ప్లైవుడ్ కావాలి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంత కొలతలో ఇరవై కిలోల పైనే తూగుతుంది. అది మా లిఫ్టులో పట్టలేదు. నేను, కార్పెంటరు కలిసి మూడో అంతస్తు దాకా మెట్ల మీద మోసుకొచ్చాము, రెండో మలుపులో ఒక మూల రాలింది. అద్దె ఇంటి గోడకు అంత బరువు వేలాడదీయడానికి కొట్టవలసిన యాంకరు బోల్టులు, ఇల్లు మారేటప్పుడు మళ్ళీ ఈ మెట్లు, ఇవి ఆలోచించి నేను దానిని వదులుకున్నాను. ఆ పలక ఇప్పుడు మా అబ్బాయి చదువుకునే బల్ల. సొంత ఇంట్లో, కింది అంతస్తులో, 98 అంగుళాలు చాలుననుకునేవారు మాత్రం ఇంకేమీ వెతకనవసరం లేదు.

నేను చివరికి నిలిచినది బ్లాక్అవుట్ గుడ్డ దగ్గర. పడకగది కిటికీలకు ఎండ రాకుండా కట్టే పరదాల లోపలి అస్తరుకు వాడే గుడ్డ ఇది. నేత గుడ్డ మీద నురుగులాంటి పూతను పొరలుపొరలుగా ఎక్కించి దీనిని తయారు చేస్తారు. మూడు పూతల రకంలో తెల్లటి పొర, దాని మీద నల్లటి పొర, మళ్ళీ తెల్లటి పొర ఉంటాయి. ఆ నడిమి నలుపే వెలుగును ఆపేది. చివరి తెల్ల పూత ఉన్న వైపు చేతికి సన్నటి తోలులా, మెత్తగా, మెరుపు లేకుండా తగులుతుంది. తెరకు కావలసిన ముఖం అదే.

సికింద్రాబాదులో పరదాలు అమ్మే ఒక దుకాణంలో దీనిని కొన్న రోజు నాకు బాగా గుర్తుంది. పనిచేసే కుర్రవాడు తాను విప్పి పరిచిన ప్రతిసారీ నేను దానిని తిరగేస్తున్నాను. మూడోసారికి అతను ఓర్పుగా, “సార్, ఉల్టా పట్టుకున్నరు. ఇది ఎన్కపక్క, కిటికీల దిక్కు పోతది. సీదా పక్క గిది,” అని మళ్ళీ తిప్పాడు. “నాకు కావలసింది ఆ వెనకపక్కే తమ్ముడూ,” అని, ఫోను టార్చి వెలిగించి గుడ్డ కింద పెట్టమన్నాను. మొదటి రకంలో టార్చి గుండ్రంగా గోధుమరంగు మచ్చలా కనిపించింది. అది రెండు పూతలది. రెండో రకంలో ఏమీ కనిపించలేదు గానీ, నేత దారాలు విరిసిన చోట సూదిమొనంత వెలుగు చుక్కలు రెండు మెరిశాయి. మూడో తానులో పూర్తి చీకటి. ఆ తానును దుకాణం బయటికి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూశాను, ఎందుకంటే లోపలి ఎల్‌ఈడీ బల్బుల కింద మీగడ రంగు కూడా తెల్లగానే కనిపిస్తుంది. పోల్చుకోవడానికి జేబులో జిరాక్సు కాగితం తీసుకెళ్ళాను. కానీ ఆ కాగితంలోనూ దుప్పటిలో ఉన్నట్టే నీలి ఛాయనిచ్చే రసాయనం ఉంటుందని తరువాత తట్టింది. కాగితం కంటే రవంత తక్కువ తెలుపున్న గుడ్డ కనిపిస్తే దానిని తిరస్కరించనవసరం లేదు. పచ్చదనమో గులాబీ ఛాయో ఉంటే మాత్రం వద్దు. మీటరు 260 రూపాయలకు ఇచ్చారు. కోతలో తప్పు జరుగుతుందేమోనన్న భయంతో, రెండున్నర మీటర్లు చాలినా, నాలుగు మీటర్లు తీసుకున్నాను.

బొమ్మ ఎలా ఉందంటే, సన్‌మైకా పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా పట్టుకోవడం కష్టం. వెలుగు మీటరుకు రెండూ సమానమే. గదికి ఆ చివర, ఈ చివర కూర్చున్నా వెలుగు తగ్గినట్టు అనిపించలేదు. నలుగురు కింద చాప మీద, ఇద్దరు పక్క కుర్చీల్లో కూర్చునే మన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. లోపాలు లేకపోలేదు. ఆ పూత సున్నితం. గోరు తగిలితే గీత పడుతుంది, తడిగుడ్డతో గట్టిగా రుద్దితే నిగనిగలాడే మచ్చ మిగులుతుంది, కాబట్టి పొడి మైక్రోఫైబరు గుడ్డతో దులపడమే. పూత వైపు ఇస్త్రీపెట్టె పెట్టకూడదు. మడత పెట్టి అలమరాలో దాచకూడదు, ముఖ్యంగా మన ఎండాకాలంలో పూత పూతకు అతుక్కుంటుంది, చుట్టి నిలబెట్టాలి.

బూడిదరంగు తెర మంచిదని కొందరు మిత్రులు పట్టుబట్టారు కనుక ఆ సంగతీ చెప్పాలి. బూడిదరంగు తెర మీద నలుపు మరింత నల్లగా కనిపించే మాట నిజం, కానీ తెలుపూ అంతే తగ్గుతుంది. కిటికీలోంచి పడే వెలుగును, ప్రొజెక్టరు వెలుగును రెండింటినీ మామూలు బూడిద గుడ్డ ఒకే వంతున తగ్గిస్తుంది, రెండింటి మధ్య నిష్పత్తి మారదు. అయితే ఒక సందర్భంలో అది నిజంగా మేలు చేస్తుంది. తెర నుంచి వచ్చిన వెలుగు లేత గోడలకు, తెల్ల కప్పుకు తగిలి మళ్ళీ తెర మీదకే వస్తుంది. గెయిన్ 0.8 ఉన్న బూడిద తెర ఆ తిరుగుప్రయాణపు వెలుగును రెండుసార్లు తగ్గిస్తుంది, అసలు బొమ్మను ఒక్కసారే తగ్గిస్తుంది. ఆ కొద్దిపాటి తేడా నల్లటి దృశ్యాల్లో కనిపిస్తుంది. నా గదికి అది పనికివచ్చేదే, కానీ అంతకంటే మంచి ఫలితం తెరకు దగ్గరగా పక్కగోడల మీద ముదురు పరదాలు వేలాడదీస్తే వచ్చింది. పక్క నుంచి, పై నుంచి వచ్చే వెలుగును వేరు చేసి తిరస్కరించే తెరలు వేరే ఉన్నాయి. వాటి ఉపరితలం మీద కంటికి కనపడనంత సన్నటి గాడులు ఉంటాయి, ఇంట్లో రంగు కలిపి అలాంటిది చేయగలమని ఎవరు చెప్పినా నమ్మకండి.

సరుకు ఎంపికతో పని సగమే అయింది. ఫ్రేము విషయంలో నేను ఒక పొరపాటు చేశాను: జూలైలో, పూర్తిగా ఆరని చెక్క రీపర్లు తెచ్చి కట్టాను, దసరా నాటికి కుడివైపు కింది మూల అర అంగుళం లేచి బొమ్మ అంచు వంకర తిరిగింది. రెండోసారి కోఠి దగ్గరి ట్రూప్ బజారు నుంచి అల్యూమినియం చదరపు గొట్టాలు తెచ్చి, వాటి వెనుక సన్నటి చెక్క బద్ద స్క్రూలతో బిగించి, ఆ బద్దకు గుడ్డను స్టేపులు కొట్టాను. గుడ్డ బిగువు ఏడడుగుల గొట్టాన్ని కూడా నడుమ దగ్గర లోపలికి లాగుతుంది. అందుకని మధ్యలో ఒక నిలువు గొట్టం పెట్టాలి, అది గుడ్డకు తగలకుండా అర అంగుళం వెనక్కి ఉండాలి, తగిలితే బొమ్మ నడుమ నిలువు గీత తేలుతుంది. బిగించే పద్ధతి ఇది: నాలుగు వైపులా నడిమి నుంచి మొదలుపెట్టి, ఒక పిన్ను పైన కొడితే దానికి ఎదురుగా ఒకటి కింద కొడుతూ మూలలకు చేరుకోవాలి. ఒకవైపంతా పూర్తి చేసి రెండో వైపుకు వెళితే మూలల నుంచి ఐమూలగా ముడతలు పడతాయి, అవి ఎంత లాగినా పోవు.

చుట్టూ నల్లటి అంచు లేని తెర బొట్టు లేని ముఖంలా ఉంటుందని మా అమ్మ అన్నది, నాకు మాత్రం అది అలంకారమే అనిపించలేదు. ప్రొజెక్టరు బొమ్మ అంచు ఎప్పుడూ ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ పడుతూనే ఉంటుంది, ఆ పొంగిన వెలుగును మింగేసే వస్తువు కావాలి. నల్ల టేపు వేస్తే అది మెరుస్తుంది. ముఖమల్ గుడ్డ మాత్రం వెలుగును నూతిలా మింగుతుంది. చెక్క నార అదిమి చేసే ఎండీఎఫ్ పలక మూడంగుళాల బద్దలకు నల్ల ముఖమల్ అంటించి, తెర అంచు మీదకు పావు అంగుళం వచ్చేలా బిగించాను. చెప్పుకోవడానికి 100 అంగుళాల తెర, నిజానికి 99. ముఖమల్ నూగు ఏ వైపు వాలుతుందో వేలితో నిమిరి చూసి నాలుగు బద్దలకూ ఒకే దిక్కుగా అంటించాలి. నేను పైబద్దకు తిరగేసి అంటించాను. మూడు బద్దలు కారునలుపు, పైది మాత్రం బూడిద పూసినట్టు కనిపించింది, ఊడదీసి మళ్ళీ అంటించవలసి వచ్చింది. ఇంత చేసినా మొత్తం ఖర్చు, మొదటి ఫ్రేము నష్టాన్ని పక్కన పెడితే, 4,000 రూపాయల లోపే తేలింది.

చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు ఉన్నవారికి ఒక మాట. పెట్టె మీద ఎన్ని వేలు రాసి ఉన్నా, కొలిస్తే 200 ల్యూమెన్లు వచ్చే యంత్రానికి 100 అంగుళాల తెర కడితే హాలు ప్రమాణంలో సగం వెలుగు కూడా రాదు. మెరిసే సరుకు తెచ్చి ఆ లోటు పూడ్చాలని చూడకండి. ఇదే గుడ్డతో 70 అంగుళాల తెర కట్టుకోండి, వైశాల్యం సగమై వెలుగు రెట్టింపవుతుంది, హాలులో చూసినంత కాంతి వస్తుంది.

మిగిలిన ఒకటిన్నర మీటర్ల గుడ్డను పడమటి కిటికీకి పరదాగా కుట్టించాను, ఈసారి దుకాణం కుర్రవాడు చెప్పిన సీదా పక్కనే లోపలికి పెట్టి. అంతకుముందు మధ్యాహ్నం నాలుగు గంటలకు, ప్రొజెక్టరు ఆపి ఉన్నప్పుడు కూడా, తెర మీద 40 లక్స్ పడేది. అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య నిష్పత్తి 10:1 దగ్గరే ఆగిపోయేది. పరదా వేశాక అదే గంటకు మీటరు 3 చూపించింది, నిష్పత్తి 120:1 దాటింది. తెర గుడ్డలు ఎన్ని మార్చినా అంత తేడా రాలేదు. పరదా పైభాగాన రాడ్డుకూ గోడకూ మధ్య వేలెడు సందు ఉంది, అక్కడి నుంచి కప్పు మీద ఒక వెలుగు చార ఇంకా పడుతోంది. వచ్చే ఆదివారం దానికో చెక్క పెట్టె కట్టించాలి.